దాచిన చెట్లు

రాళ్లవాగు తండా,
కొత్తగూడ మండలం.
12 జూన్ 2022

గీతక్కకు,

ఇక్కడ నేనూ యాడీ బాగానే ఉన్నాం. అమ్మ అని రాద్దామనుకున్నాను గానీ, అట్లా రాస్తే ఇంకెవరి గురించో రాసినట్టుంటుంది. మోకాళ్ల నొప్పికి నువ్వు పంపిన గోలీలు అయిపోయాయి. యాడి వాటిని తండాలో సగంమందికి పంచింది, అందుకే అయిపోయాయి.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. పైగా "ముఖ్యమైన సంగతి ఏదున్నా కాగితం మీద పెట్టు, నోటిమాటను నమ్మకు" అని చిన్నప్పటి నుంచి నా చెవులు పిండింది నువ్వే. అందుకే పెడుతున్నాను.

జనగామ క్వారీలో పని మానేశాను. పన్నెండేళ్లు పొక్లెయిన్ నడిపి గుట్టలు తవ్వింది చాలు. మేనమామ పిల్లల్లేక మనిద్దరి పేరిట రాసిపోయిన పదకొండెకరాల పట్టా చెలకలో ఈ వానకాలం నుంచి పత్తి వేయను, మక్క వేయను. అడవి పెంచుతాను. నవ్వకు.

వరంగల్‌లో చెట్ల మీద పరిశోధన చేసే శైలజ మేడం రెండుసార్లు వచ్చి నేల చూసింది. ఒక్క మొక్క కూడా నాటొద్దంది. దున్నకుండా, మేపకుండా, నిప్పు తగలకుండా కాపాడితే మట్టిలో బతికున్న పాత వేర్లు వాటంతట అవే లేస్తాయట. ఏమీ నాటకుండా ఏమేం తిరిగి వస్తాయన్నదే ఆమె చదువు. ఏళ్ల తరబడి లెక్క రాసుకోవాలి కాబట్టి, ఈ నేలను ఎప్పటికీ అమ్మబోమని, చెట్టు కొట్టబోమని ఒక ట్రస్టు కాగితం రిజిస్టర్ చేయాలంది. భూమిలో సగం నీది. నీ సంతకం లేకుండా కాగితం కదలదు.

ఇక అసలు సంగతి. బాపును అడవి దొంగ అని రాసి ఆరు నెలలు జైల్లో పెట్టించిన ఆఫీసర్ బతికే ఉన్నాడు. రిటైరై జనగామలో ఇల్లు కట్టుకున్నాడు. నేను లారీ మీద బండి ఎక్కించుకుని పోతుంటే పొద్దున్నే గేటు ముందు కుండీలకు నీళ్లు పోస్తూ కనిపించేవాడు. స్టీరింగ్ జర పక్కకు తిప్పితే సరిపోయేది. తిప్పలేదు. నా పగ అంత చిన్నది కాదు. బాపు పోడు గుంజుకుని వాళ్లు వరసలు కట్టి నీలగిరి నాటారు కదా, దాని పక్కనే అసలు అడవి ఎట్లా ఉంటుందో చూపిస్తాను. గేటు పెట్టి, అనుమతి లేనిదే లోపలికి రాకూడదని బోర్డు పెడతాను. ఏదో ఒక రోజు ఆయన వచ్చి ఆ గేటు ముందు నిలబడి నన్ను అడగాలి.

ఇంకొకటి. ఆనాడు బాపు మీద చెప్పింది ధన్‌సింగ్. కాగితంలో ఒక షరతు రాయించాను: ధన్‌సింగ్ గానీ, ఆయన సంతానం గానీ, ఆయన పశువులు గానీ ఈ అడవిలో ఎన్నటికీ అడుగు పెట్టకూడదు. సంతకం పెట్టి పంపు.

నీ తమ్ముడు
ప్రేమ్‌సింగ్


భూపాలపల్లి,
3 జూలై 2022

తమ్ముడూ,

నవ్వకు అన్నావు గానీ నవ్వాను. చిక్కుడు పాదుకు రెండు చెంబుల నీళ్లు పోయమంటే ఏడ్చి తండా అంతా పరుగెత్తినవాడివి, ఇప్పుడు అడవి పెంచుతావా? నవ్విన తర్వాత సంతోషం కూడా వేసింది. మొక్క నాటని అడవి అయితే నీకు సరిగ్గా కుదురుతుంది. నీళ్లు పోసే పని లేదు.

ఇక్కడ దవాఖానలో జ్వరాలు మొదలయ్యాయి. నిన్న ఒక ముసలాయన సెలైన్ సీసా చూసి, "గిది మా ఇంటికాడ గూడ పెట్టుకుంట, ఇయ్యి బిడ్డా" అని పట్టుబట్టాడు. మీ బావ సురేష్‌కు మళ్లీ నైట్ డ్యూటీలు. పిల్లలు బాగున్నారు. అఖిల్ నీలాగే మొండి.

యాడికి గోలీలు పంపుతున్నాను. ఈసారి పంచితే ఇక పంపనని చెప్పు.

ప్రేమ్, ధన్‌సింగ్ కాకా చెప్పాడని నీతో ఎవరన్నారు? అప్పుడు నీకు నాలుగేళ్లు. బాపు బతికున్నన్ని రోజులు కాకాను ఒక్క మాట అనలేదు. ఆ ఆఫీసర్ మీద నీకెంత కోపముందో నాకూ అంతే ఉంది, ఆ సంగతిలో నేను నిన్ను ఆపను. కానీ కాకా జోలికి పోకు. షరతు తీసేసి కాగితం పంపు, పెడతాను.

మీ అక్క
గీత


రాళ్లవాగు తండా,
18 సెప్టెంబర్ 2022

అక్కా,

నువ్వు మెత్తబడ్డావు. నెలనెలా జీతం వచ్చేవాళ్లకు పగ ఎందుకుంటుందిలే.

ధన్‌సింగ్ సంగతి ఎవరు చెప్పారని అడిగావు. ఎవరూ చెప్పక్కర్లేదు. బాపును తీసుకుపోయిన జీపులో ధన్‌సింగ్ కూడా ఎక్కి పోయాడు, అది తండా అంతా చూసింది. మరుసటి ఏడు బాపు పోడులో నీలగిరి నాటినప్పుడు కాపలా ఉద్యోగం ఎవరికిచ్చారు? ధన్‌సింగ్‌కు. ఊరికే ఇచ్చారా? నాలుగేళ్ల పిల్లవాడికి తెలియకపోవచ్చు గానీ ముప్పై నాలుగేళ్లవాడికి తెలుస్తుంది.

చెలక చుట్టూ కందకం తవ్వేశాను. మా క్వారీ సేటు దగ్గర బండి అడిగి తెచ్చుకుని మూడు రోజుల్లో పూర్తి చేశాను. ఆరడుగుల లోతు. మన నేల మీదుగా ధన్‌సింగ్ ఇంటివాళ్లు వాగుకు పోయే బాట ఉండేది కదా, అది కూడా పోయింది. ఇప్పుడు ఆడవాళ్లు బిందెలు పట్టుకుని గుట్ట చుట్టూ తిరిగి పోతున్నారు. పొద్దున్నే గట్టు మీద కూర్చుని చాయ తాగుతూ చూస్తాను. ముప్పై ఏళ్ల తర్వాత చాయ రుచిగా ఉంది అక్కా, అబద్ధమెందుకు.

అడవి సంగతి చెబితే నమ్మవు. మూడు నెలల్లో మోళ్లన్నీ చిగురించాయి. మోదుగ, తునికి, సోమి, పాలకొడిశ. మేనమామ ఎన్నిసార్లు దున్నించి ఉంటాడో, అయినా లోపల బతికే ఉన్నాయి. నాలుగు మూలలా మేకులు కొట్టి తాడు కట్టి, ఆ గడి లోపల మొలిచిన ప్రతి మొక్కకూ శైలజ మేడం రేకు బిళ్ల తగిలిస్తుంది. యాడి మొదటిసారి చూసి, మొక్కలకు రేషన్ కార్డులిస్తున్నారా అని అడిగింది. మేడం ఎలుగుబంటి లద్దెను కూడా వదలదు, చేతులకు తొడుగులు వేసుకుని విడదీసి అందులో రేల గింజలు లెక్కపెడుతుంది.

సరదాగా పక్క నీలగిరిలో కూడా ఒక గడి లెక్కపెట్టమన్నాను. అక్కడ నాలుగు రకాలు. మన దగ్గర ఇరవై ఆరు. ఆ కాగితాన్ని గోడకు అంటించాను. కాపలాకు పోయి నాలుగు రకాలు కాపాడాడు మీ కాకా.

షరతు తీయను. సంతకం పంపు.

ప్రేమ్‌సింగ్


భూపాలపల్లి,
9 డిసెంబర్ 2022

ప్రేమ్‌సింగ్‌కు,

నీ చాయ రుచిగా ఉందన్నావు. దాని సంగతి చెబుతాను, విను.

పోయిన సోమవారం ధన్‌సింగ్ కాకా కోడలు మనీషా మా దవాఖానకు వచ్చింది. మహబూబాబాద్ దగ్గరైనా గీతక్క దగ్గరికే పోతానని పట్టుబట్టిందట. ఎడమ చేతి మణికట్టు విరిగింది. చుట్టు తిరిగి పోలేక నీ కందకం దిగి ఎక్కబోయి బిందెతో సహా పడింది. అయిదో నెల. దేవుడి దయ, కడుపులో బిడ్డకు ఏమీ కాలేదు. పట్టీ కడుతుంటే నేను తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.

ఎట్లా పడ్డావంటే, "కాలు జారింది అక్కా" అంది. నీ పేరు ఎత్తలేదు. వెంట వచ్చిన కాకా కూడా ఎత్తలేదు. బయట బెంచీ మీద కూర్చుని, నీ చెలకలో నల్లమద్ది మోడు కూడా చిగురు పెట్టిందా అని మాత్రం అడిగాడు. అది మేనమామ నరికించిన రోజు బాపు అన్నం తినలేదని చెప్పాడు. నాకది తెలియదు. నీకు తెలుసా?

నీ పగ ఆఫీసర్ మీద పుట్టింది. ఆయన జనగామలో కుండీలకు నీళ్లు పోసుకుంటున్నాడు. ఇక్కడ చెయ్యి విరిగింది ఎవరిది?

ఆ షరతు ఉన్నంతకాలం నా సంతకం రాదు. ఎందుకని అడగకు. నాకు తెలిసింది నీకు తెలియదు, అంతవరకే ఇప్పుడు రాయగలను.

గీత


రాళ్లవాగు తండా,
5 జనవరి 2023

అక్కా,

నాకు తెలియనిది ఏమిటో నాకు తెలిసింది. మీ ఆయన కొత్తగూడకు వచ్చి, రోడ్డు పక్క భూములు ఎకరం ఎట్లా పోతున్నాయని హోటల్లో అడిగాడట. నీ సంతకం ఎందుకు రావడం లేదో అప్పుడు అర్థమైంది. ధన్‌సింగ్ పేరు అడ్డం పెట్టుకోవడం దేనికి? నా సగం అమ్ముకుంటానని నేరుగా రాసి ఉంటే కొంచెం గౌరవం మిగిలేది. బాపు జైలుకు పోయింది చెట్లకోసం. నువ్వు చెట్లను ప్లాట్లు చేసుకుంటావు.

మనీషా పడ్డందుకు నాకు బాధ లేదని రాద్దామని కూర్చున్నాను. చేయి రాలేదు. నీ ఉత్తరం అందిన మర్నాడే కందకానికి మెట్లు కోశాను. కానీ మెట్లు కోసినంత మాత్రాన షరతు తీసినట్టు కాదు.

ఇక ఈ వాదన తేల్చేస్తున్నాను. సమాచార హక్కు కింద బాపు కేసు కాగితాలు అడిగాను. మహబూబాబాద్‌లో రికార్డులు వెతుకుతున్నారు, ఈ నెలలోనే ఇస్తామన్నారు. ఆనాడు బాపు మీద ఎవరు ఏం చెప్పారో అందులో పేరుతో సహా ఉంటుంది. నేను పనిచేసిన క్వారీ నుంచి నిలువెత్తు నల్లరాయి తెప్పించాను, గేటు దగ్గర పడుకోబెట్టి ఉంది. కాగితంలో ఏ పేరుంటే ఆ పేరు దాని మీద చెక్కించి, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చదివేటట్టు పాతిస్తాను. ధన్‌సింగ్ మనవల మనవలు కూడా చదవాలి. యాడి తల మీద చేయి పెట్టి ఒట్టు వేశాను. పేరు ఎవరిదైనా సరే తప్పనని.

యాడి నా చేయి తీసేయబోయింది. ఎందుకో అర్థం కాలేదు.

ప్రేమ్‌సింగ్


భూపాలపల్లి,
21 జనవరి 2023

ప్రేమ్,

మీ బావ భూముల ధర అడిగింది వాళ్ల ఆఫీసులో ఎవరో కొనుక్కుంటామంటే. సరే, అది వదిలెయ్. ఆ కాగితం నీ చేతికి రాకముందే ఈ ఉత్తరం చేరాలని కోరుకుంటున్నాను. ముప్పై ఏళ్లు ఊరుకున్నదానికి ఇప్పుడు తొందర పుట్టింది.

1992, దసరా సెలవులు. నేను మూడో తరగతి, హాస్టల్ నుంచి ఇంటికొచ్చాను. ముందురోజు వాగు ఇసుకలో ఎవరో కప్పిపెట్టిన టేకు దుంగలు దొరికాయి. ఎవరు నరికారో ఈరోజుకీ తెలియదు. జీపు నేరుగా బాపు పోడు దగ్గరికి వచ్చింది. బాపుకు తెలుగు రాదు, యాడికి రాదు. తండాలో తెలుగు బాగా వచ్చింది ధన్‌సింగ్ కాకాకు. ఆయన ఆ పూట గూడూరు సంతకు పోయాడు. "ఎవరికన్న తెలుగొస్తదా?" అని ఆఫీసర్ అడిగాడు. "నాకొస్తది సార్" అని నేనే ముందుకు పోయాను. నన్ను ఎవరూ తోయలేదు.

"చెట్లను ఏం చేసిన్రో మీ నాయిన్ని అడుగు" అన్నాడు. అడిగాను. బాపుకు దుంగల సంగతి తెలియదు. పోడు కొట్టినప్పుడు గొడ్డలి పెట్టకుండా వదిలిన చెట్ల గురించి అడుగుతున్నారనుకున్నాడు. మూడు ఇప్పచెట్లనూ, పక్కనే మేనమామ చెలక గట్టు మీది నల్లమద్దినీ చూపించి, వీటిని పిల్లల కోసం ఉంచుకున్నామని మన మాటలో చెప్పాడు. దాన్ని తెలుగులో ఏమనాలో నాకు తెలుసు. హాస్టల్లో రాజమణి మేడం పండుగకు అరిసెలు పంచుతూ, "అన్ని ఒక్కసారే తినకున్రి, రేపటికి దాచుకోన్రి" అనేది. నాకు దాచుకోవడమంటే అదే.

"చెట్లు దాచినం సార్" అన్నాను.

"ఎప్పటి సంది దాచిన్రు?"

"మా తాతప్పటి సంది సార్."

"ఇంక యాడ దాచిన్రు?"

"గుట్ట మీద గూడ దాచినం సార్. మస్తుగ దాచినం."

ఆయన నవ్వి, "హుషారు పిల్ల" అని నా తల నిమిరాడు. నేను పొంగిపోయాను ప్రేమ్. యాడి వైపు చూసి నవ్వాను కూడా. ఆయన ఏదో రాసుకుని బాపుతో వేలిముద్ర వేయించుకున్నాడు. జీపు కదిలేసరికి కాకా సంత నుంచి వచ్చాడు. సంగతేమిటో తెలియక, బాపు ఒక్కడే పోతున్నాడని ఆయన కూడా ఎక్కాడు. ఆ రాత్రి ఠాణాలో బాపుకు అన్నం తినిపించి వచ్చింది ఆయనే. కాపలా ఉద్యోగం కూడా కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్నాడు, మన ఇప్పచెట్లను కొట్టనీయకుండా చూద్దామని. చూడలేకపోయాడు.

నేను చెప్పింది ఏమిటో నాకు అయిదో తరగతిలో అర్థమైంది. తెలుగు సారు బోర్డు మీద "దొంగ సొమ్ము దాచాడు" అని వాక్యం రాశాడు. నోట్‌బుక్‌లో ఆ వాక్యం వదిలేసి కింది వాక్యం ఎక్కించుకున్నాను. సెలవుల్లో ఇంటికొచ్చాక బాపు దగ్గర కూర్చున్నాను గానీ నోరు రాలేదు. అప్పటికే ఆయనకు దగ్గు పట్టుకుంది. నా తల నిమిరి, మన మాటలోనే, "తెలుగు మంచిగ చదువుకో బిడ్డా, తండాకు అక్కరొస్తది" అన్నాడు. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నోటిమాటను నమ్మకని నీ చెవి పిండింది అందుకే.

ధన్‌సింగ్ కాకా ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను. నీ రాయి నాకోసం పడుకుని ఉంది.

గీత


మహబూబాబాద్ బస్టాండ్,
21 జనవరి 2023

గీత గారికి,

కాగితం ఇవాళ దొరికింది. ఇక్కడే బెంచీ మీద కూర్చుని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ముద్దాయి జాల్యాకు తెలుగు రానందున, అతని కుమార్తె గీత, వయస్సు 9 సం., ద్వారా ప్రశ్నించగా, చెట్లు తామే దాచినట్టు, తాత కాలం నుండి దాచుతున్నట్టు, గుట్ట మీద కూడా దాచినట్టు ఒప్పుకున్నాడు."

ధన్‌సింగ్ పేరు ఎక్కడా లేదు. నా వల్ల ఆయన కోడలి చెయ్యి విరుగుతుంటే మీరు పట్టీ కట్టి ఊరుకున్నారు. ఇక నాకు రాయకండి.

ప్రేమ్‌సింగ్


భూపాలపల్లి,
30 ఏప్రిల్ 2023

ప్రేమ్‌సింగ్‌కు,

రాయొద్దన్నావు. మూడు నెలలు రాయలేదు. నా ఉత్తరం నీకు చేరిందో, చించేశావో తెలియదు. నన్ను గారు అన్నావు. ఆ ఒక్క మాటకు నువ్వు నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ట్రస్టు కాగితం దీనితో పంపుతున్నాను. సంతకం పెట్టాను. నీ షరతును తీసేయలేదు, ఒక చిన్న దిద్దుబాటు చేశాను. ధన్‌సింగ్ పేరు, పశువుల మాట కొట్టేసి పక్కన నా పేరు రాశాను. ఇప్పుడది ఇట్లా ఉంది: "గీత గానీ, ఆమె సంతానం గానీ ఈ అడవిలో ఎన్నటికీ అడుగు పెట్టకూడదు." దిద్దినచోట కూడా సంతకం పెట్టాను, సాక్షిగా మీ బావ పెట్టాడు. పెట్టి, పెన్ను బల్ల మీద పడేసి డ్యూటీకి పోయాడు.

నీకు పగ తీర్చుకోవడానికి ఒక పేరు కావాలి. తప్పు పేరు మీద తీర్చుకోవడం కంటే ఇది నయం. మా అఖిల్ ఆ అడవి చూస్తానని ఎగురుతున్నాడు, వాడికి ఏదో ఒకటి చెప్పుకుంటాను.

యాడిని వచ్చి చూసిపొమ్మని అడిగే ముఖం నాకు లేదు. గోలీలు ఇందులోనే ఉన్నాయి.

గీత


రాళ్లవాగు తండా,
16 ఆగస్టు 2024

గీతకు,

గారు తీసేశాను. అంతకంటే ముందుకు చేయి రావడం లేదు.

కాగితం పోయిన ఏడే రిజిస్టర్ అయింది. నువ్వు రాసినట్టే అయింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు సారు చదివి, "గిదేంది, సొంత అక్కనే రానియ్యవా?" అన్నాడు. అవునన్నాను. మార్పించాలంటే అక్కడే మార్పించేవాణ్ని, ఓపిక లేక వదిలేశాననుకోకు.

కందకం పూడ్చి ధన్‌సింగ్ కాకా బాట తెరిచాను. ఇంటికి పోయి కాళ్లు పట్టుకున్నాను. కూర్చోబెట్టి చాయ పోయించాడు. మనీషాకు ఆడపిల్ల పుట్టింది, బాగుంది. కానీ ఏడాదిన్నర అయింది, ఆ ఇంట్లోవాళ్లు ఒక్కరు కూడా ఆ బాటలో నడవలేదు. ఇప్పటికీ బిందెలు పట్టుకుని గుట్ట చుట్టూ తిరిగే పోతారు. పగ నాకొక్కడికే వచ్చనుకున్నాను.

నలభై ఒక్క రకాలయ్యాయి. నల్లమద్ది మోడు నా భుజం దాటింది. దాని బిళ్ల నంబరు పదిహేడు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. జనగామలో రిటైరైన పెద్దమనుషులు చెట్ల మీద ఒక సంఘం పెట్టుకున్నారు. మన అడవి గురించి పేపర్లో చదివి, చూడటానికి అనుమతి ఇమ్మని ఉత్తరం రాశారు. కింద సంతకం ఆ ఆఫీసర్‌ది. ఇది ఎవరి చెలకో ఆయనకు తెలియదు. దరఖాస్తు మూడుసార్లు తిప్పి పంపాను. మొదటిసారి తేదీ లేదన్నాను. రెండోసారి తండ్రి పేరు లేదన్నాను. బాపును విడిపించుకోవడానికి పోయినప్పుడు యాడిని ఇట్లాగే తిప్పారు. మూడోసారి, ఇక్కడ సంతకం చెల్లదు, ఎడమ బొటనవేలి ముద్ర వేసి పంపమన్నాను. వేసి పంపాడు. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు గేటు దగ్గర కూర్చున్నాను. ఇన్నేళ్లు కోరుకున్నది చేతిలో ఉంటే ఆకలి కూడా వేయలేదు.

ఈ నెల 25న, ఆదివారం వస్తున్నాడు. ఒక షరతు పెట్టాను. గేటు తెరిచే ముందు మా యాడి చెప్పేది నిలబడి వినాలి. యాడికి ఇప్పటికీ తెలుగు రాదు. నేను తెలుగులో చెబుతానంటే వద్దంది, కాకాతో చెప్పిద్దామన్నా వద్దంది. "ఆ పిల్లనే పిలువు. ఆనాడు మొదలుపెట్టింది అదే, పూర్తి చెయ్యాల్సింది అదే" అంది. నీ ఉత్తరం ఆమెకు మన మాటలో చదివి వినిపించాను. యాడి ఆ రోజు అక్కడే ఉంది కదా, నువ్వు తన వైపు చూసి నవ్విన సంగతి ఆమెకు యాదికుంది. అంతా విని, "పిల్ల సరిగ్గనే చెప్పింది. మనం దాచుకున్నం. విన్నోని చెవిల దొంగ ఉన్నడు" అంది. యాడి నీ తప్పును ఏనాడో వదిలేసింది. నేను ఇంకా వదల్లేదు, అబద్ధం రాయను.

రాయి పాతించాను. ఒట్టు తప్పలేదు, కాగితంలో ఉన్న పేరే చెక్కించాను. బాపు పేరు లేదు, ఆయన పేరు లేదు. దాని మీద ఇంతే ఉంది:

ఈ చెట్లు మేము దాచినం.
మా తాతప్పటి సంది దాచినం.
గుట్ట మీద గూడ దాచినం.
గీత, తొమ్మిదేళ్లు.

దాన్ని నువ్వు చదివి ఆయనకు వినిపించాలి. ఆనాడు నిలబడ్డట్టే ఆయన ముందు నిలబడి, అంత గట్టిగా. తర్వాత యాడి ఏం చెబితే అది ఒక్కో మాట తెలుగులో చెప్పు. తియ్యగా మార్చకు.

అది అయ్యాక ఆయన లోపలికి పోతాడు. నువ్వు పోవద్దు, నీ చేత్తో నువ్వే రాసుకున్నావు. వాళ్లు తిరిగి వచ్చేదాకా బయటే ఉండాలి. రాయి కూడా గేటు బయటే పాతించాను. దాని పక్కన ఒక ఇప్ప మొక్క నాటాను. మొత్తం మీద నేను చేత్తో నాటింది అదొక్కటే, నీళ్లు కూడా నేనే పోస్తున్నాను. అది నీకోసం. కానీ ఇంకా మోకాలెత్తు కూడా లేదు, నీడ రావాలంటే ఇరవై ఏళ్లు పడుతుందని మేడం అంది.

అందాకా గొడుగు తెచ్చుకో అక్కా.

ప్రేమ్‌సింగ్